వారవారం చచ్చిపోయే కిగ్గుండు

మసాకా రోడ్డు పక్కన ఉన్న ఆ రేకుల వీడియో హాలు వెనక్కి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. యుద్ధం సినిమా వేసిన ప్రతి శనివారం, సరిగ్గా ఒకే చోట... టీవీ ఆరిపోయేది. ఊళ్లో మిగతా దీపాలన్నీ వెలుగుతూనే ఉండేవి. తీగ చూద్దామని ఎవరైనా లేచేలోపు కరెంటు మళ్లీ వచ్చేసేది.

"కిగ్గుండు తాత దెయ్యమే," అనేవాళ్లు.

ఆయన బర్మా దాకా పోయి యుద్ధం చేసి వచ్చిన సిపాయి. బతికినన్నాళ్లూ కోటుకి పతకాలు తగిలించుకుని ముందు బల్ల మీద కూర్చుని యుద్ధం సినిమాలు చూశాడు. పోయి అప్పటికి ఏడాది కాలేదు.

ఇదంతా సెబున్యా చెప్పగా విన్నదే. ఆ హాల్లో మైకు పట్టుకునేది అతనే. సినిమా ఇంగ్లీషులో నడుస్తుంటే అతను మా లుగాండా భాషలో కథ చెప్పాలి. అందులోని తెల్ల సిపాయిలకి మా ఊరివాళ్ల పేర్లు పెట్టాలి — లేకపోతే జనానికి ఎక్కదు. తాత పోయాక, గౌరవం కొద్దీ, అందరికన్నా ధైర్యవంతుడికి కిగ్గుండు అని పెట్టడం మొదలుపెట్టాడు.

కరెంటు పోవడమూ అప్పుడే మొదలైంది.

జనం తిట్టుకుంటూ అవతలి వీధి హాలుకి పోసాగారు. చివరికి యజమాని తేల్చేశాడు. "ఈ శనివారం కూడా ఆరిపోయిందా, దీన్ని బొగ్గుల గోదాము చేసేస్తా. నువ్వు బస్తాలకి కథలు చెప్పుకో."

సెబున్యాకి వేరే పని రాదు.

ఆ శనివారం... "కిగ్గుండు కొండెక్కుతున్నాడు! ఊపిరి బిగబట్టండి!" అని మైకులో అరిచి, జనం నిజంగానే బిగబట్టి కూర్చుంటే, మైకు పక్కన పెట్టి వెనక తలుపులోంచి జారుకున్నాడు.

బయట అరటి తోట. చీకటి. ఆకులు కదలడం లేదు...

గోడ దగ్గర తెల్లగా ఏదో వంగి ఉంది. దాని చెయ్యి టీవీ ప్లగ్గు మీద ఉంది.

"ఎ... ఎవరది?"

"అరవకురా. దెయ్యం పెళ్లాన్ని."

కిగ్గుండు భార్య నమ్యాలో!

"అవ్వా! నువ్వా ఇన్నాళ్లూ?"

"మరి? రెండు కాళ్లతో నడుచుకుంటూ ఇంటికొచ్చిన మనిషిరా ఆయన! నువ్వేమో వారం వారం కొండెక్కించి తూటా దింపుతావు. ఎన్నిసార్లు విధవని కావాలి నేను?"

"సినిమా కదవ్వా! వాడికి ఏదో ఒక పేరు పెట్టాలిగా..."

"మీ నాన్న పేరు పెట్టు."

"మా నాన్న బతికే ఉన్నాడు!"

"ఆ యుద్ధంలో మా ఆయనా బతికే ఉన్నాడు."

"సరే అవ్వా... చంపను. నువ్వు మాత్రం ఆ ప్లగ్గు వదిలెయ్." ఆవిడ గుడ్డలు సర్దుకుని, తోట వెనకున్న ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

అతను లోపలికి పరిగెత్తేసరికి తుపాకీ పేలింది. సిపాయి కూలాడు. జనమంతా ఆరిపోతుందని టీవీ వంకే చూస్తున్నారు... ఆరలేదు.

"కిగ్గుండు చావలేదు!" అన్నాడు మైకులో. "అలిసిపోయి కాస్త నడుం వాల్చాడు!"

"గుండెకే తగిలింది కదరా!" అన్నారెవరో.

"జేబులో చిలగడదుంప ఉంది. దానికి తగిలింది! ఇదిగో, లేస్తాడు, ఇంటికెళ్తాడు!"

హాలంతా గొల్లుమంది.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

టీవీలో... కూలినవాడు లేచి కూర్చున్నాడు. మోకాళ్లు దులుపుకున్నాడు. టోపీ తీసుకుని, తుపాకులు మోగుతుండగానే, పక్కకి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత తోటి సిపాయిలు అతన్ని పూడ్చే చోటుకి వచ్చారు — ఖాళీ గోతి చుట్టూ నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చారు.



అప్పుడే అరటి తోట వైపు నుంచి, నమ్యాలో ఇంటి తలుపు కిర్రుమన్న చప్పుడు... ఆ వెంటనే ఆవిడ గొంతు.

"ఇప్పుడా రావడం? కాళ్లు కడుక్కుని లోపలికి రా."