అరచేతి వేడి

"మళ్ళీ రిజెక్ట్, మేడమ్!"

అరచేతిలో ఇమిడే స్పెక్ట్రోమీటర్‌ని బల్లమీద పెట్టి, టెస్టింగ్ విభాగం అతను చల్లగా కబురు చెప్పాడు. ఆఫీసంతా కలిసి అతనికి పెట్టుకున్న పేరు రిజెక్ట్ రాయుడు.

ఆమెకి ఒళ్ళు మండింది. కాంతిలోని రంగుల్ని కొలిచే ఆ బుల్లి పరికరాన్ని డిజైన్ చేసిందీ, కొలత సరిచేసేదీ ఆమే. మెర్క్యురీ దీపంలోని ఆకుపచ్చ గీత 546 నానోమీటర్ల దగ్గర కనబడాలి. ఆమె బల్లమీద బుద్ధిగా అక్కడే ఉంటుంది, అతని చేతిలో మాత్రం పక్కకి జరుగుతుంది. ఈ సాయంత్రంలోగా పాస్ కాకపోతే డిజైన్ అటకెక్కినట్టేనని మేనేజర్ తేల్చి చెప్పేశాడు.

"నామీద ఏమైనా కక్షా మీకు?"

"కక్షయితే ఇన్నిసార్లు ఎందుకొస్తానండీ?"

దీపం ఉన్నది ఆమె గదిలోనే. అతను టెస్ట్ చేస్తున్నంతసేపూ ఆమె మూతి ముడుచుకుని అటు తిరిగి కూర్చునేది. ఇవాళ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నా కళ్ళముందు చెయ్యండి. సంగతేంటో తేలిందాకా వదలను."

బయట వాన దంచుతోంది. అతను పరికరాన్ని పట్టుకున్నాడు. గీత సరిగ్గానే ఉంది. కాసేపటికి మెల్లగా జరిగింది. స్టాండుకి బిగిస్తే వెనక్కొచ్చింది.

"చెయ్యి ఇటివ్వండి!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె అవేమీ చూడకుండా అరచేతికి థర్మామీటర్ ఆనించింది.

"ముప్ఫై నాలుగు! నేనేమో చల్లటి ఏసీలో సరిచేస్తున్నా. మీ చేతివేడికి లోపలి భాగాలు సాగుతున్నాయి."

"అయితే తప్పు నాదా?"

"కాదు, నాదే. కొన్నవాళ్ళూ చేత్తోనే పట్టుకుంటారుగా."

ఆమె కాఫీ కూడా తాగలేదు. పరికరాన్ని కొంచెం కొంచెంగా వేడిచేసి, గీత ఎంత జరుగుతోందో చూసి, అంత సవరణా ప్రోగ్రామ్‌లోకి ఎక్కించింది. రెండుసార్లు తప్పింది. పళ్ళు బిగించి మళ్ళీ చేసింది. వాన తగ్గేసరికి, అతని చేతిలో ఆకుపచ్చ గీత కదలకుండా నిలబడింది.

"పాస్!" అన్నాడతను, ఆమెకంటే ఎక్కువ సంబరపడుతూ.

అప్పుడు తట్టింది ఆమెకి.

"అవునూ, టెస్ట్‌కి నిమిషం చాలు కదా. వేడెక్కిందాకా ఎందుకు పట్టుక్కూర్చునేవారు?"

అతను తల వంచుకున్నాడు. "పనైపోతే నా గదికి వెళ్ళిపోవాలి కదండీ. మీరంటే ఇష్టం. చెప్పే ధైర్యం లేక..."

ఇన్నాళ్ళూ వీపు చూపించింది ఇతనికా!

"ఇక అన్నీ పాసే. మీకిక్కడ పనుండదు," అంది.

అతని ముఖం వాడిపోయింది.

"అందుకే కాఫీకి వెళ్దాం పదండి. కప్పుని ఎంతసేపైనా పట్టుక్కూర్చోవచ్చు."

"చల్లారిపోతే?"

"మీ చెయ్యుందిగా," అంటూ ఆమె దాన్ని అందుకుంది, ఈసారి థర్మామీటర్ లేకుండా.