తెర మీద మన భాష

...అక్క అడిగి మూడేళ్ళయింది, నాలుగు కూడా కావచ్చు. "ఆ కంప్యూటర్ డబ్బాని తెలుగులోకి మార్చరా తమ్ముడూ, ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకు చీమల బారులా కనిపిస్తున్నాయి" అని ఆమె అన్నప్పుడల్లా "ఆదివారం చూద్దాంలే" అన్నాడు తను. ఎన్ని ఆదివారాలు పోయాయో. నిన్న మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. చేయడానికి పావుగంట పట్టే పనిని ఇన్నేళ్ళు వాయిదా వేసే మనిషి లోపల ఏముంటుంది? బద్ధకమా? లేక ఇంట్లో ఏదీ మారకూడదన్న భయమా?

"వింటున్నావా, తాబేలూ?"

"వింటున్నా సర్" అన్నాడు. వినలేదు.

తాబేలు అతని కోడ్ నేమ్. ఇరవై ఆరేళ్ళ కిందట ట్రైనింగ్‌లో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడని వేళాకోళంగా పెట్టిన పేరు. ఇప్పుడు వేళాకోళం పోయి పేరు మిగిలింది.

చీఫ్ మళ్ళీ మొదలుపెట్టాడు. "మంగళవారం మన ట్రాన్స్‌లేటర్‌ని లారీ గుద్దింది. యాక్సిడెంట్ కాదు. ఆ విదేశీ ముఠా లిపి చదవగలిగింది మన డిపార్ట్‌మెంట్‌లో ఆయనొక్కడే. ఇప్పుడు ఈ ఫొటో చూడు."

ఫొటోలో పాత కంప్యూటర్. ఏళ్ళ తరబడి చేతులు తగిలి దాని కీల మీద అక్షరాలు అరిగిపోయాయి.

"ఇందులో ఒక ఫైలుంది. వాళ్ళ మధ్య మనం పెట్టిన పదకొండు మంది పేర్లు. ఆ పేర్లు వాళ్ళకి అమ్మినవాడు పొద్దున దొరికాడు, ఇంకో కాపీ లేదు. సీలు వేసిన ఫైలు, వాళ్ళ హెడ్‌క్వార్టర్స్‌లో తప్ప తెరుచుకోదు. ఇవాళ పన్నెండింటికి ఈ మెషీన్ దాన్ని ఫోన్ లైన్ మీద దానంతటదే పంపిస్తుంది."

"పంపిస్తే?"

"చీకటి పడేలోపు పదకొండు శవాలు. మొదటి పేరు నెమలిది."

నెమలి డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా ఆ ముఠా ఆఫీసులోనే సెక్రెటరీ. తమ కోసం మన రహస్యాలు మోస్తోందని వాళ్ళ నమ్మకం.

"ప్లగ్ పీకేస్తే సరిపోదా?"

"ఎవరు పీకారని అడుగుతారు. ఆ గదిలో ఉండేది వాళ్ళ బాస్, ఆమె. ఇద్దరే. పొద్దుట్నుంచి వాళ్ళ ఫోన్ లైన్ గరగరమనేలా చేశాం. ఫైలు పోకపోతే లైన్ పాడనుకోవాలి, మెషీన్ పాతదనుకోవాలి. పాతవాటిని ఎవరూ అనుమానించరు. విసుక్కుంటారు, అంతే."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. తనకి యాభై మూడేళ్ళు.

"ఆమే ఆపెయ్యొచ్చు కదా?"

"ఆమెకి వాళ్ళ భాష మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. రాదనే ఉద్యోగమిచ్చారు. తప్పు బటన్ నొక్కితే ఫైలు అప్పుడే వెళ్ళిపోతుంది."

"నాకూ రాదు సర్."

"నీకు రానక్కర్లేదు. తెర భాషనే తెలుగులోకి మార్చెయ్. పని చూసుకుని, మళ్ళీ వాళ్ళ భాషలో పెట్టేసి రా. లాంగ్వేజ్ ప్యాక్ ఈ వాచీలో ఉంది. టైమ్ మాత్రం చూడకు, తప్పు చూపిస్తుంది. నీ వేషం, కంప్యూటర్లూ ఫోన్ లైన్లూ బాగుచేసే మెకానిక్."

అతను నవ్వాడు.

"ఏం?"

"ఇంట్లో కూడా అదే చెప్పాను సర్."

*

లిఫ్ట్ పనిచేయడం లేదు. నాలుగో అంతస్తుకి చేరేసరికి మోకాళ్ళు విడివిడిగా నొప్పెట్టాయి. నెమలి తలుపు తీసింది.

"ఫ్యాన్ తిరుగుతోందా?" అన్నాడు. అది కోడ్.

"తిరుగుతోంది. గాలే రావట్లేదు" అంది ఆమె. అదీ కోడే. కానీ నిజంగానే గాలి రావట్లేదు.

డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఆమెను ప్రమాదకరమైన అందగత్తె అని రాశారు. ఎర్రటి లిప్‌స్టిక్ ఉంది. ఎత్తు మడమల జోళ్ళు మాత్రం టేబుల్ కింద పడున్నాయి. కాళ్ళకు రబ్బరు చెప్పులు.

"బాస్ మేడ మీద పావురాలకి గింజలేస్తున్నాడు. పదకొండున్నరకి ఎక్కితే పన్నెండూ అయిదుకి దిగుతాడు. మనుషుల్ని నమ్మడు కానీ వాటిని నమ్ముతాడు."

గోడ గడియారంలో పదకొండూ ముప్ఫై నాలుగు. కంప్యూటర్ తెరిచే ఉంది. చదవలేని చోట తాళమెందుకు అనుకున్నాడు కాబోలు బాస్. తెర నిండా కొక్కేల్లాంటి అక్షరాలు. కానీ భాష మారినా బొమ్మలు మారవు. పొద్దున ఆఫీసులో ఇలాంటి పాత మెషీన్ మీదే రెండు గంటలు ప్రాక్టీస్ చేశాడు. సెట్టింగ్స్‌లో గడియారమున్న భూగోళం బొమ్మ, దాంట్లో మూడో ట్యాబ్, పైన మొదటి బటన్. వాచీ పట్టీ విప్పి కంప్యూటర్‌కి గుచ్చాడు. ఆకుపచ్చ గీత కదలడం మొదలైంది. నత్త నయం.

"ఎంతసేపు?"

"పాతది. దాని ఇష్టం."

ఇద్దరూ గీతను చూస్తూ కూర్చున్నారు.

"ఇంట్లో ఎవరున్నారు?" అంది ఆమె.

"అక్క."

"ఆమెకి తెలుసా?"

"కంప్యూటర్ మెకానిక్‌ననుకుంటుంది."

నెమలి అతని చేతిలో స్క్రూడ్రైవర్‌నీ, తెరనీ చూసింది. "ఇవాళ్టికి సరిగ్గానే అనుకుంటోంది."

గీత నిండింది. తెర భాష తెలుగు అని ఎంచుకున్నాడు. కింద కీబోర్డ్ భాష అని ఇంకో జాబితా. అతని చెయ్యి ఆగలేదు, దాన్ని కూడా తమ ఆఫీసులో వాడే కీబోర్డ్‌కి మార్చేసింది. ఇన్నేళ్ళలో ఏ మెషీన్ ముందు కూర్చున్నా మొదట చేసే పని అదే. అవసరమా అని ఆలోచించే దశ ఎప్పుడో దాటిపోయింది.

మార్పు పూర్తి కావాలంటే లాగ్ ఆఫ్ చేయాలి. చేశాడు. తెర నల్లబడి, పాస్‌వర్డ్ అడుగుతూ తిరిగొచ్చింది. పదకొండూ యాభై రెండు.

"పాస్‌వర్డ్ నేను కొడతా. జరుగు" అంది నెమలి. "అక్షరాలు తెలీదు, వాడి వేళ్ళు తెలుసు. రెండేళ్ళు ఎదురుగా కూర్చున్నా. చిన్నప్పుడు టైపు నేర్చుకున్నదాన్ని. వేలు ఏ కీ మీద పడుతోందో చెవితో చెప్పగలను."

కళ్ళు మూసుకుని తొమ్మిది కీలు కొట్టింది. తెర తిరస్కరించింది.

ఇంకోసారి కొట్టింది. మళ్ళీ అదే.

"మూడుసార్లు తప్పితే పూర్తిగా లాక్ అయిపోతుంది" అంది. గొంతులో బెదురు లేదు, అలసట ఉంది. "నా వేళ్ళు తప్పు చెప్పవు. చెప్పకూడదు. వీటి మీదే బతికాను."

అతను ఆమె వేళ్ళను చూశాడు. వణకడం లేదు. వేళ్ళు నిజమే చెబుతున్నాయి, కీలూ అవే. మరి? అప్పుడు తెర మూలన చిన్న పెట్టెలో రెండక్షరాలు కనబడ్డాయి. తన కీబోర్డ్ గుర్తు.

"తప్పు నాది" అన్నాడు. "నువ్వు కొట్టే కీలు సరైనవే. వాటి వెనకున్న అక్షరాల్ని నేను మార్చేశాను."

"ఎందుకు మార్చావు?"

"అలవాటు."

"అలవాట్లే చంపుతాయి నాయనా మనల్ని. బుల్లెట్లు కాదు."

పెట్టె నొక్కి పాత కీబోర్డ్‌ని ఎంచుకున్నాడు. ఆమె మూడోసారి కొట్టింది.

'స్వాగతం' అంది తెర.

నెమలి ఆ మాట మీదే ఆగిపోయింది. రెండేళ్ళుగా ఈ గదిలో ఆమె తన భాష ఒక్క అక్షరం చూడలేదు. చిన్నపిల్లలా పెదాలు కదిపి లోలోపలే చదువుకుంది. తర్వాత గడియారం వైపు చూసి "కానీ, కానీ" అంది.

పదకొండూ యాభై ఎనిమిది. ప్యాక్ పాతది, సగం మెనూలు ఇంకా కొక్కేల్లోనే ఉన్నాయి. ఫైలు పంపే పెట్టె, పావురం బొమ్మ ఉన్నది, తెరిచాడు. అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. కింద పక్కపక్కనే రెండు బటన్లు, దేవుడి దయవల్ల తెలుగులో. 'ఇప్పుడే పంపు'. 'రద్దు చేయి'. పొద్దుటి నుంచి రద్దు బటన్ అని మనసులో అనుకున్నది మొదటిదాన్ని. చదవకుండా నొక్కి ఉంటే...

రద్దు నొక్కాడు. 'ఖచ్చితంగానా?' అని అడిగింది మెషీన్. జీవితంలో దేని గురించైనా అతన్ని ఎవరైనా ఇలా అడిగి చాలా కాలమైంది. అవును నొక్కాడు. అంకెలు పదకొండు సెకన్ల దగ్గర ఆగాయి. ఫైలు తుడిచేశాడు.

ఈసారి ముందు కీబోర్డ్‌ని సరిచేశాడు, తర్వాత తెరని. లాగ్ ఆఫ్. ఆమె వేళ్ళు. కొక్కేలు తిరిగొచ్చాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించేసరికి అతను గుమ్మం పక్కన ఫోన్ పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వాచీ పట్టీ సగమే బిగించాడు.

బాస్ భుజం మీద పావురం రెట్ట. తెర చూశాడు, కీలు కొట్టాడు, మెషీన్ నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చాడు. తన భాషలో ఏదో అడిగాడు.

"లైన్ పాడా, మెషీన్ పాడా అంటున్నారు" అంది నెమలి, ముక్కూ మొహం తెలియనివాడితో మాట్లాడినట్టు.

"రెండూ ముసలివైపోయాయి అమ్మా అని చెప్పండి."

బాస్ విసుక్కున్నాడు. అంతే.

*

రిపోర్టు రాయకుండా ఇంటికొచ్చాడు. మూడు దాటింది. అక్క కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుంది.

"ఏంట్రా ఈ వేళప్పుడు? ఉద్యోగం పీకేశారా?"

"లేదక్కా. ఆ కంప్యూటర్ పెట్టు, తెలుగులోకి మారుస్తా."

"ఇవాళ ఆదివారం కాదే!"

కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. భూగోళం బొమ్మ, మూడో ట్యాబ్. అక్క వెనక నిలబడి ఆకుపచ్చ గీతని పొయ్యి మీది కూరలా కాపలా కాసింది. కీబోర్డ్ జాబితా దగ్గర అతని చెయ్యి ఆగింది.

"నీకు ఏ కీబోర్డ్ కావాలక్కా?"

"నన్నడుగుతున్నావా? బాగానే ఉందే. రాయడానికి తెలుగుదీ ఉండాలి, ఉన్నదీ ఉండాలి."

రెండూ పెట్టాడు. లాగ్ ఆఫ్ చేశాడు. తెర నల్లబడి, పాస్‌వర్డ్ అడుగుతూ తిరిగొచ్చింది.

"పాస్‌వర్డ్ ఏమిటి?"

"నీకెందుకు చెబుతాను? మెకానిక్కులకి చెప్పకూడదట. జరుగు."

అక్క కూర్చుని, ఒంటి వేలు కీబోర్డ్ మీద గాల్లో ఆడిస్తూ మొదటి కీ కోసం వెతుక్కుంది. అతను తల తిప్పి కిటికీలోంచి బయటికి చూశాడు.