ఎవరో అన్న మాట

కొల్లేరు సముద్రంలో కలిసిపోయిన వరదకు అది పదకొండో ఏడు.

ఆ పొద్దున లోవయ్య, కొండను మెట్లుగా చెక్కి కట్టిన ఎగువపట్నంలో మూడో మెట్టు మీద, టిఫిన్ బండి పక్కన నిలబడి ఇడ్లీ తింటున్నాడు. ప్లేటు అంచున సన్నటి అక్షరాలు వెలిగాయి. 'ఈ పచ్చడిలో వాము వేయవచ్చునని మొదట తలచినవారు: దాసరి మంగతాయారు, ఏడో మెట్టు.' లోవయ్యది మూడో తరగతి చదువు. అతను కూడబలుక్కుని చదివేలోపు అక్షరాలు మారిపోయాయి. ఇడ్లీ పిండిలో అటుకులు కలపడం ఎవరి ఊహో చెప్పసాగాయి.

"పచ్చడెలా ఉంది బాబాయ్?" అన్నాడు బండి అతను.

"బాగుందయ్యా."

"నాతో చెప్పి ఏం లాభం? వెళ్ళి ఆ మంగతాయారుతో చెప్పు. రుబ్బి రుబ్బి రెక్కలు పడిపోయేది నాకూ, పేరు ఆవిడకీను."

పక్కన తింటున్నవాళ్ళు నవ్వారు. లోవయ్య నవ్వలేదు. రెండో ఇడ్లీ వదిలేశాడు. ప్లేటు అక్కడే పెట్టి కొండ మీదికి నడిచాడు. ఆ రోజు డాక్టర్ ప్రసూన విచారణ.

ఎగువపట్నంలో అడుగుపెట్టిన ప్రతి మనిషికీ వాకిట్లోనే చెవి వెనక ఒక బిళ్ళ అంటిస్తారు. దాని పేరు చెవిబిళ్ళ. మనిషి చూసినదీ విన్నదీ అన్నదీ చేసినదీ, తలచుకున్నదీ అంతా అందులో చేరుతుంది. అవన్నీ కలిపి చూసి, ఏ ఊహ ఏ తలలో పుట్టిందో తేల్చేది జాడపలక. ఒకరి తెలివి ఒకరు దొంగిలించకుండా దాన్ని కట్టారు. మంచిదే అన్నారందరూ. ఇరవై ఏళ్ళలో అది పచ్చడి దాకా వచ్చింది, పిల్లల జోలపాటల దాకా వచ్చింది.

దిగువ నేల మీద వరదలు ఆగడం లేదు. మెట్ట మీద చోటు తక్కువ. ఉండిపోవాలంటే స్థిరనివాస పత్రం కావాలి. పరిశోధకులకు అది వృత్తి వరుసలో ఇస్తారు. పని ఇచ్చిన సంస్థ అర్జీ పెట్టాలి, ఆరుగురు పెద్దలు ఉత్తరాలివ్వాలి, ఆ మనిషి లేకపోతే జనానికి నష్టమని రుజువు కావాలి. చివర్లో జాడపలక ముందు కూర్చోవాలి. ముఖ్యమైన ఊహలో సగానికి పైగా అర్జీదారుదే అయి ఉండాలి. ప్రసూన ఉప్పునీటిని తట్టుకునే వరి మీద పనిచేస్తోంది. అర్జీ పెట్టి ఆరేళ్ళు దాటింది. ఆమె కూతురు ఆమని ఇక్కడే పుట్టింది. ఐదేళ్ళది. నీళ్ళలో మునిగిన ఊరు ఎలా ఉంటుందో దానికి తెలియదు.

లోవయ్య ఆమె నారుమళ్ళ పనివాడు. కాకినాడ దిగువన ఉప్పుమళ్ళలో పుట్టి పెరిగినవాడు. ఆమె పేరు మీదే అతనికి ఇక్కడ ఉండే అనుమతి.

విచారణ గది బయట ప్రసూన బల్ల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో కలిపి పట్టుకుంది.

"తిన్నావా బాబాయ్?"

"తిన్నానమ్మా. నువ్వో?"

"లేదు. భయంగా ఉంది."

"ఏటికా భయం? ఈ కొండ మీద నీ వరి తినని మనిషెవడూ?"

"భయం వరిని గురించి కాదు. రాత్రి కూర్చుని అన్నీ మళ్ళీ తిరగేశాను. ఎక్కడో ఏదో మరిచిపోయానని అనిపిస్తోంది."

లోవయ్య ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

లోపల నివాసాధికారి విక్టర్‌బాబు మర్యాదస్తుడు. మంచినీళ్ళిచ్చాడు. సాక్షిగా లోవయ్యను వెనక కుర్చీలో కూర్చోబెట్టాడు. గోడ నిండా నల్లటి పలక.

"భయపడకండి మేడమ్. అది తిట్టదు, కొట్టదు. ఉన్నది చూపిస్తుంది, అంతే."

పలక మీద ఒక వాక్యం వచ్చింది. ప్రసూన వ్యాసంలోదే. నారు మూడో ఆకు వేసిన పూట దానికి ఉప్పునీరు తాగించి, మర్నాడు మంచినీళ్ళు పెడితే, తర్వాత సముద్రం పొలంలోకి వచ్చినా పైరు నిలుస్తుంది. ఆమె పరిశోధన అంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది. కింద అంకెలు తిరిగాయి. తిరిగి ఆగాయి.

ప్రసూన, నూటికి ముప్పై ఎనిమిది. ఎరిపిల్లి లోవయ్య, అరవై రెండు.

తర్వాత పలకలోంచి లోవయ్య గొంతే వినిపించింది, తొమ్మిదేళ్ళ కిందటి గొంతు. "మూడో ఆకప్పుడు ఓ పూట ఉప్పునీళ్ళు తాగిస్తే మరి బెదరదంటారమ్మా. ఎవరో అన్నారు."

లోవయ్య లేచి నిలబడ్డాడు.

"అది నాది కాదండి బాబూ. ఎవరో అన్నారు. అందులోనే ఉంది కదండీ, ఎవరో అన్నారని."

"ఎవరన్నారు?"

"ఎవరోనండి."

విక్టర్‌బాబు పలకను అడిగాడు. పలక జవాబిచ్చింది: 'ఎవరో అనే వ్యక్తి నమోదులో లేరు. చెప్పునప్పుడు సాక్షి తాను కన్నది తలచుకొన్నాడు. ఉప్పుమడి గట్టు, వరద తీసిన పదో రోజు, తానొక్కడే.'

అది నిజమే. ఆ గట్టు మీద కొట్టుకొచ్చి పాతుకుని, ఉప్పునీళ్ళకు బెదరని వరి దుబ్బుల్ని చూసినవాడు అతనే. మూడేళ్ళు వరసగా చూశాడు. అయితే ఉప్పుమళ్ళ జనంలో ఒక పద్ధతి ఉంది. అందరి మళ్ళకూ నీరొచ్చేది ఒకే కాలవలోంచి. తెలిసిన సంగతి పక్కవాడికి చెప్పి తీరాలి. చెప్పేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, ఎవరో అన్నారని చెప్పాలి. నేను కనిపెట్టానన్నవాడి మడిలో ఉప్పు పేరదంటారు. అలా అన్నవాడికి పిల్లనివ్వరు, వాడింట మంచినీళ్ళు తాగరు. లోవయ్య ఆవేళ నారుమడి వైపు తిరిగి, ప్రసూనకు వీపు పెట్టి చెప్పాడు. ఎవరిదీ కాని మాట అనుకుని ఆమె దాన్ని తీసుకుంది. పన్నెండు వందల మళ్ళలో పరీక్షించింది. అందులో ఏముందో తేల్చింది.

ఇదంతా లోవయ్య తడబడుతూ చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అంత పొడుగు మాట అతను మాట్లాడలేదు.

విక్టర్‌బాబు ఓపిగ్గా విన్నాడు. "మీ ఆచారం నాకర్థమైంది పెద్దాయనా. దానికి పలకలో గడి లేదు. ఒకరి ఊహ మరొకరి పేరున అర్జీలో ఉంటే దాన్ని ఊహాచౌర్యం అంటాం. మేడమ్‌గారు ఈ సాయంత్రం తీగబండిలో కిందికి దిగిపోవాలి. పాప కూడా."

"మరి ఆవిడ తేల్చినదంతా?"

"ముప్పై ఎనిమిది వేసింది కదా."

"నా అరవయ్యీ ఆవిడకి వేసెయ్యండి. వేలిముద్ర కావాలంటే వేస్తాను."

"ఊహను దానం చెయ్యడం కుదరదు." విక్టర్‌బాబు ఒక పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. చెప్పేది ఇంకా ఉందన్నట్టు ఇబ్బందిగా కదిలాడు. "ఇది మీకు. వృత్తి వరుస, పరిశోధకుడు. స్థిరనివాసం."

లోవయ్య పత్రాన్ని ముట్టుకోలేదు. "నాకొద్దండి."

"వద్దన్నా మీదే. మీరు దిగిపోతే ఈ చోటు ఖాళీగా ఉంటుంది కానీ, ఆవిడకి రాదు."

ప్రసూన కుర్చీలోనే వెనక్కి తిరిగింది. ఆమె కోప్పడుతుందేమోనని లోవయ్య ఎదురుచూశాడు. కోప్పడినా బాగుండేది.

"నీదని ఒక్కసారి చెప్పి ఉంటే, వ్యాసం మీద నీ పేరూ వేసేదాన్ని కదా బాబాయ్."

"మాలో చెప్పుకోరమ్మా."

"తెలుసు. ఇప్పుడు తెలిసింది."

సాయంత్రం తీగబండి దగ్గర గాలి ఎక్కువగా ఉంది. ప్రసూన చేతిలో ఒక పెట్టె. ఆమని బూట్లు బిగించి కట్టారు. కింద మబ్బు, మబ్బు కింద నీళ్ళు.

"తాతా, నువ్వు రావా?" అంది ఆమని.

"నేనిక్కడే పనిలో ఉంటానమ్మా."

"అమ్మ పనా?"

లోవయ్య తల తిప్పుకున్నాడు. ఒక మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. కింద మునగని గట్లు రెండున్నాయి, వాటిలో ఏది నమ్మకమైనదో అతనికి తెలుసు. ఆ గట్టు మీద పాక వేసుకుంటే బతుకుతారు. చెప్పబోయాడు. చెవి వెనక బిళ్ళ చిన్నగా వెచ్చబడింది, ఎప్పుడూ వెచ్చబడేదే. ప్రసూన మళ్ళీ అర్జీ పెట్టుకునే రోజు వస్తే ఈ మాట దేని కింద లెక్కకొస్తుందో? ఎవరిని ముంచుతుందో?

తలుపు మూసుకుంది. బండి మబ్బులోకి దిగిపోయింది. చెప్పి ఉండాల్సిందని అతనికి తలుపు మూశాక తెలిసింది. తీగ చాలాసేపు ఊగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున లోవయ్య ఎప్పటిలా నీళ్ళకుండతో నారుమళ్ళకి వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళాలో మరొకటి తోచలేదు. అప్పటికే ప్రసూన గదిలో కొత్త డాక్టరమ్మ ఉంది. పేరు హిమజ. దిగువ నుంచి వచ్చి రెండేళ్ళు. మడి గట్టు మీద గొంతుకూర్చుని నారు కొసలు చూస్తోంది. కొసలు పసుపెక్కి ఉన్నాయి.

"రండి లోవయ్యగారూ. మీరిప్పుడు మాకంటే పెద్ద సైంటిస్టట కదా!" నవ్వబోయింది, నవ్వు కుదరలేదు. "ఇదేంటో చూడండి. నిన్నటిదాకా పచ్చగానే ఉందన్నారు. ఉప్పెక్కువైందా? తెగులా? వచ్చే నెల నా అర్జీ విచారణకొస్తోంది. ఈ మడి పోతే నా పని అయిపోయినట్టే."

లోవయ్య చూశాడు. చూడగానే తెలిసింది. మంచినీళ్ళు ఒక పూట ఆలస్యమయ్యాయి. ఎండెక్కేలోపు కుండెడు నీళ్ళు మొదళ్ళలో పోసి, పాదు కాస్త కదిపితే సరిపోతుంది. చిన్న పని. నీళ్ళకుండ అతని చేతిలోనే ఉంది.

చెప్తే అది ఆమె చెవిలో పడుతుంది. చెప్పకుండా పోసినా ఆమె కంట్లో పడుతుంది. వచ్చే నెల నల్లపలక మీద అంకెలు తిరుగుతాయి.

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో ప్రసూన నిన్నటి చూపే ఉంది.

"చెప్పండి. మీకు తెలుసు కదా?"

"నాకు తెలీదండి," అన్నాడు లోవయ్య.

కుండ గట్టు మీద దించి, నీళ్ళు ఒలకకుండా మూత పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కొండ వెనకనుంచి ఎండ ఎక్కసాగింది.