దీపం చుట్టూ మౌనంగా

"ఆ వేళ్లు కాస్త ఆపుతారా?"

కళ్లు తెరిచాను. పక్క చాప మీద అమ్మాయి కళ్లు మూసుకునే ఉంది.

"ఏ వేళ్లు?"

"మీవే. మోకాలి మీద తాళం వేస్తున్నాయి. ఊపిరి చూసుకుందామని కూర్చుంటే భజన వినిపిస్తోంది. అదీ తప్పు తాళం."

తాళం వేస్తున్నట్టు నాకే తెలియదు. నా మనసు నాకు తెలుసునన్న ధీమా కొంత తగ్గింది. ఆమె నచ్చిందన్న సంగతి మాత్రం వెంటనే తెలిసింది.

మా దీవిలో, టేర్ రూజ్ అనే ఊళ్లో చీనా దుకాణం మేడ మీద, సింహళం నుంచి వచ్చిన భిక్షువు ఆదివారాలు ధ్యానం నేర్పేవాడు. దీవికి స్వాతంత్ర్యం దగ్గర పడింది. ఊరంతా రాబోయే రోజుల గురించే మాట. ఆయన మాత్రం ఇప్పుడు వస్తున్న ఊపిరి గురించి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పేవాడు. నేను బడిపంతులును, నిద్రపట్టక చేరాను. ఆమె గౌరీదేవి, భజన గురువు రామలు కూతురు.

"భజన ఇంటి నుంచి ఇక్కడికెందుకు?" అని మెట్లు దిగుతూ అడిగాను.

"మా ఇంట్లో అందరూ పాడతారు. ఊరుకోవడం ఎవరూ నేర్పలేదు."

పుట్టినదేదీ నిలవదు, పట్టుకుంటేనే బాధ అనేవాడు భిక్షువు. ఆలోచన వస్తే తరమకుండా, దానికొక పేరు పెట్టి, ఊపిరి దగ్గరికి తిరిగి రమ్మనేవాడు.

"పేరు పెట్టినా పోకపోతే?" అన్నాను.

"ఏమిటా పేరు?" అన్నాడాయన.

నేను పక్క చాప వైపు చూశాను. గౌరి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక వాన ఆదివారం ఆమె మెల్లగా అంది: "నాకిదే ఆఖరి క్లాసు. కూతురు బౌద్ధంలో కలిసిపోతుందని నాయన భయం. తనే వచ్చి తీసుకుపోతానన్నారు."

ఆమెను చూడడానికి నాకు మరో చోటు లేదు.

వానకు కరెంటు పోయింది. దుకాణదారు కిరోసిన్ దీపం తెచ్చి గది మధ్య పెట్టాడు. ఆ రోజు పాఠం నడక. దీపం చుట్టూ, మాట లేకుండా, పాదం నేలను తాకడం గమనిస్తూ నడవాలి. "దూస్‌మాన్, దూస్‌మాన్," అంటూ దుకాణదారు కూడా తన క్రియోల్‌లో మెల్లగా నడవమన్నాడు.

మధ్యలో దీపం, చుట్టూ మనుషులు. చిన్నప్పటి నుంచి రామభజనలో దీపం చుట్టూ ఆడుతూ తిరిగిన కాళ్లు ఏం చేస్తాయి? రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి వేశాయి. ఆపబోయాను. నా వెనక ఆమె అడుగూ అలాగే పడుతోంది. ఇద్దరం ఆపలేదు.

మెట్ల దగ్గర రామలుగారు తడిసిన గొడుగుతో నిలబడ్డారు. పిలవడానికి తెరిచిన నోరు మూశారు. కాసేపటికి గొడుగు పిడి మీద ఆయన వేళ్లు కదిలాయి.

నడక ముగిసిందని భిక్షువు గంట మోగించాడు.

"ఆయో, అబ్బాయీ, వెనకడుగు ఆలస్యంగా వేస్తున్నావు," అన్నారాయన.

"నేర్పితే నేర్చుకుంటానండి."

"శనివారం ఇంటికి రా. గౌరీ, నువ్వు ఆదివారం ఇక్కడికే రా. దీపం చుట్టూ తిరిగేవాళ్లు ఎక్కడికి పోతారు?"

"ఈయనకు తాళమూ రాదు నాయనా."

"నీకెట్లా తెలుసు?"

గౌరి ఊరుకుంది. పాఠం బాగానే ఒంటబట్టింది.

ఆయన ముందు దిగుతుంటే నేను గొంతు తగ్గించాను. "శనివారం నేను వచ్చేది పాట కోసం కాదని ఆయనకు చెప్పాలి."

"ముందు ఆ వెనకడుగు నేర్చుకోండి. మిగతాది నేను చెప్తాను," అని తండ్రి గొడుగు కిందికి దూరింది.

వానలో బస్సు కోసం నిలబడ్డాను. ఆలోచన వచ్చింది. పేరు పెట్టాను. అది పోలేదు. నేను పొమ్మననూ లేదు.