పదకొండు నిమిషాల డ్రమ్

సాయంత్రం నాలుగూ ముప్పై అయిదు.

ఉత్సవం గేట్లు తెరవడానికి ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. టెంట్‌లో మంచం మీద వైర్‌మ్యాన్ కళ్లు మూసుకుని పడుకున్నాడు.

"లేవరా నాయనా! జనం వచ్చేస్తారు" అంటూ వడ్రంగి అతని భుజం కుదిపాడు.

భుజం కదిలింది. మనిషి కదల్లేదు.

నాలుగూ యాభైకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. రిటైర్మెంట్‌కి ఏడు నెలలుంది. ఉత్సవాల రద్దీ అంటే ఆయనకి ఒళ్లుమంట.

"ఇది ఎగ్జిబిషనా, ఆస్పత్రా?" అన్నాడు టెంటంతా చూసి.

ఆయన్ని అని లాభం లేదు. టెంట్‌లో ఉన్నవల్లా ఒక ఇనప మంచం, ఒక స్టూలు, పైన వేలాడే పెద్ద డ్రమ్. వైర్‌మ్యాన్, వడ్రంగి, సౌండాయన, పెయింటరమ్మ, ఈ నలుగురు కళాకారులు ఊరూరా ఉత్సవాలకి మోసుకెళ్లే ఆట ఇది. ఒకరు వేలికి క్లిప్ పెట్టుకుని పడుకోవాలి. ముక్కూ మొహం తెలియని ఇంకొకరు స్టూలు మీద కూర్చుని వాళ్ల చెయ్యి పట్టుకోవాలి. పట్టుకోగానే, పడుకున్నవాళ్ల నాడి ఎలా కొట్టుకుంటే డ్రమ్ అలా మోగుతుంది. వదిలేస్తే ఆగిపోతుంది.

ఇన్‌స్పెక్టర్ శవం మీదకి వంగి చూశాడు. దెబ్బల్లేవు. షాక్ కొట్టిన మచ్చల్లేవు. ఎడమ అరచేతి దగ్గర ఏదో ఘాటు వాసన. ముక్కు దగ్గర పెట్టి చూశాడు. రంగు కడుక్కునే టర్పెంటైన్.

"ఇక్కడ అందరూ అదే కంపు సార్. రంగులోళ్లు కదా" అన్నాడు కానిస్టేబుల్.

అయిదున్నరకి వైర్‌మ్యాన్ అక్క వచ్చింది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. వస్తూనే వడ్రంగి మీద ఒంటికాలి మీద లేచింది.

"పొద్దున మా వాణ్ణి నానా తిట్లూ తిట్టాడట సార్! వీళ్లే ఏదో చేశారు."

"తేలుస్తానమ్మా."

"ఎవరైనా చంపారా? లేక దిక్కూ మొక్కూ లేకుండా ఒక్కడే పోయాడా? ఏదో ఒకటి చెప్పండి సార్. తెలియకపోతే నేను బతకలేను."

మర్నాడు పదకొండింటికి డాక్టర్ ఫోన్ చేశాడు. గుండెపోటు, నాలుగింటి ప్రాంతంలో. నొప్పి ఎక్కువైతే మాట పెగిలి ఉండదు. "పది నిమిషాల్లో మందు పడుంటే బతికేవాడండీ" అన్నాడు.

ఫస్ట్ ఎయిడ్ కేంద్రం ఆ టెంట్‌కి నలభై అడుగులు. ఇన్‌స్పెక్టర్ స్వయంగా నడిచి లెక్కపెట్టాడు.

ఫైల్ మూసేయొచ్చు. కానీ ఆ వాసన ఆయన్ని వదల్లేదు. మధ్యాహ్నం రెండింటికి మిగిలిన ముగ్గుర్నీ టెంట్‌లో కూర్చోబెట్టాడు. అక్కని కూడా రమ్మన్నాడు. నిజం తెలిస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందనుకున్నాడు.

"నిన్న నాలుగింటికి ఎక్కడున్నావ్?"

"గేటుకి మేకులు కొడుతున్నా సార్" అన్నాడు వడ్రంగి. "డ్రమ్ వినబడింది. వాడు పనిలో ఉన్నాడనుకున్నా."

"పొద్దున గొడవ?"

"స్టూలు ఎత్తు గురించి సార్. మేం రోజూ తిట్టుకుంటాం. తిట్టుకోందే మాకు పని సాగదు."

"నువ్వు?"

"మెయిన్ స్టేజ్ దగ్గర మైక్ చెక్. వందమంది చూశారు" అన్నాడు సౌండాయన.

"నువ్వమ్మా?"

"బయట బోర్డు రాస్తున్నా. బ్రష్ కింద పెట్టలేదు" అంది పెయింటరమ్మ, తల ఎత్తకుండా.

"మరి డ్రమ్ మోగించిందెవరు?"

సౌండాయన తన ల్యాప్‌టాప్ వైపు చూశాడు. "టెస్టుకని రికార్డింగ్ వేసుకుని ఉంటాడు సార్."

"ఉంటాడు కాదు. చూసి చెప్పు."

ల్యాప్‌టాప్ తెరిచాడు. డ్రమ్ ఎప్పుడెప్పుడు మోగిందో నమోదయ్యే లాగ్ చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"లైవ్ సార్. నాలుగూ రెండుకి మొదలైంది. నాలుగూ పదమూడుకి ఆగింది. మధ్యలో... చెయ్యి వదల్లేదు."

వడ్రంగి తలెత్తి డ్రమ్ వైపు చూశాడు.

"ఒక్కడే ఉంటే డ్రమ్ మోగదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అందరూ విన్నారు. ఎవరూ ఆలోచించలేదు. వైర్లు బిగించేవాడి అరచేతికి టర్పెంటైన్ ఎలా వచ్చింది? చేతికి రంగుంటే పట్టుకున్నట్టు సెన్సర్‌కి తెలియదు. అందుకని కడుక్కుని వచ్చి కూర్చున్నావు. అవునా అమ్మా?"

పెయింటరమ్మ అవునన్నట్టు తలూపింది.

"టెస్ట్ చేద్దాం రా అన్నాడు సార్. టెస్టులో మాట్లాడకూడదు, మొహం చూడకూడదు, డ్రమ్ ఆగేదాకా లేవకూడదు. కొత్తవాళ్లలా కూర్చోవాలి. అది మేం పెట్టుకున్న పద్ధతి. కళ్లు మూసుకుని కూర్చున్నా. మధ్యలో డ్రమ్ తడబడింది. సౌండాయన తాళం మార్చాడేమో, భలే ఉందే అనుకున్నా. తర్వాత ఆగిపోయింది. క్లిప్ జారిందేమో, కునుకు తీస్తున్నాడేమో అనుకుని నా బోర్డు దగ్గరికి వెళ్లిపోయా."

"మరి ఎందుకు దాచావు?"

"ఏమని చెప్పను సార్? పక్కనే కూర్చుని చంపుకున్నానని చెప్పనా?"

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. ముప్పై మూడేళ్ల సర్వీసు. దీనికి సెక్షన్ ఏదీ తట్టలేదు. అక్క వైపు తిరిగాడు.

"ఎవరూ చంపలేదమ్మా. ఒంటరిగానూ పోలేదు."

ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్న ఓదార్పల్లా అదే. అక్క ఆయన వంక చూడలేదు. పెయింటరమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"వాడేమైనా సైగ చేశాడా అమ్మా?"

పెయింటరమ్మ తన అరచేతి వంక చూసుకుంది.

"చెయ్యి గట్టిగా నొక్కాడక్కా."

"నువ్వేం చేశావు?"

"డ్రమ్ బాగా పలుకుతోందని మురిసిపోతున్నాడనుకున్నా. నేనూ... గట్టిగా నొక్కాను."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి లేచి, చెప్పులు వేసుకుంది.

"ఒక్కడే పోయాడని చెప్పుంటే బాగుండేది సార్" అని బయటికి నడిచింది.