వాలులో ఆపే లారీ

ఆమె లారీని ఎప్పుడూ వాలులోనే ఆపేది. తాళం తిప్పితే స్టార్టర్ టక్కుమనేది తప్ప ఇంజన్ తిరిగేది కాదు. బ్రేకు వదిలి, దొర్లించి, గేరు వేస్తే మాత్రం ఆ పాత డీజిల్ ఇంజన్ గొణుక్కుంటూ లేచేది. చుట్టుపక్కల తగినంత వాలు ఉన్నది మెకానిక్ షెడ్డు ముందే.

మొదటిరోజే గొడవైంది. గేటుకు అడ్డం తీయమన్నాడు మెకానిక్. తీసింది. పొగకు అతని ఉతికిన చొక్కా నల్లబడింది. మర్నాడు కూడా ఉతికిన చొక్కాతోనే వచ్చి అక్కడే నిలబడ్డాడు. ఎందుకని అడిగేవాళ్లు లేరు.

లారీ ఆమె తండ్రిది. మోకాళ్లు అరిగిపోయాక తాళం కూతురికిచ్చాడు. ఆమె ఇటుకలు తోలుతోంది. వాలు నమ్ముకున్న బండి ఏదో ఒకరోజు ప్రాణం తీస్తుందని, ఆదివారం దాన్ని పాత ఇనుముకు అమ్మేస్తానని తండ్రి తేల్చేశాడు. లారీ పోతే ఆమెకు మిగిలేది బాబాయి కొట్లో తక్కెడ.

ఆమె షెడ్డుకొచ్చింది. "ఆదివారం లోపు దొర్లకుండా లేవాలి. నీ వల్ల అవుతుందా?"

అవుతుందన్నాడు. బ్యాటరీ మార్చాడు. టక్. స్టార్టర్ విప్పి బల్ల మీద తిప్పి చూస్తే బొంగరంలా తిరిగింది. మళ్లీ బిగిస్తే టక్. చొక్కా మీదున్న శ్రద్ధ పని మీద లేదని ఆమె అంది. అతను చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఆ మాటలో నిజం కొంత ఉంది.

ఆదివారం పొద్దున తుంపర పడుతోంది. షెడ్డు పక్క చదునులో ఇనుము వ్యాపారి లారీ ఒళ్లంతా తట్టి చూస్తున్నాడు. తండ్రి గొడుగు కింద ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. ఈ రోగం ఎప్పట్నుంచని మెకానిక్ అప్పుడడిగాడు. మొదటే అడగాల్సిన మాట.

"నాన్న ఈ ఏడు రంగు వేసినప్పట్నుంచి."

తండ్రి ఏటా తన చేత్తోనే రంగు వేస్తాడు. ఎక్కడా ఇనుము కనబడకుండా, ఈసారైతే బోల్టులు విప్పి మరీ వేశాడు. మెకానిక్ బురదలో పడుకుని లారీ కిందికి దూరాడు. బ్యాటరీ నుంచి వచ్చే ఎర్తు తీగను ఛాసిస్‌కు బిగించిన చోట రంగు మందంగా పేరుకుని ఉంది. కరెంటు తిరిగివచ్చే దారి మూసుకుపోయింది. అతను వేరే తీగతో బ్యాటరీని నేరుగా ఇంజన్‌కు కలిపి, ఆమెను తాళం తిప్పమన్నాడు. ఇంజన్ గర్జించింది.

"ఇంజన్ ఆపు. రంగు గీకాలి," అన్నాడు, లారీ కిందనుంచే.

ఆ లారీ మీద గోరు గీత పడినా ఒప్పుకోని మనిషి తండ్రి. కూతురు ఉప్పుకాగితం ఆయన చేతికే ఇచ్చింది. "నువ్వే గీకు నాన్నా."

ఆయన గొడుగు పక్కన పడేసి, అరిగిన మోకాళ్ల మీద బురదలోకి దిగాడు. ఇనుము వెండిలా మెరిసేదాకా గీకాడు. మెకానిక్ బోల్టు బిగించి, తను కలిపిన వేరే తీగ పీకేశాడు. ఆమె తాళం తిప్పింది. చదునైన నేల మీద, ఎవరూ తోయకుండా, లారీ ఒక్క తిప్పుకే లేచింది. వ్యాపారి చెప్పకుండానే వెళ్లిపోయాడు.

తండ్రి మెకానిక్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు. "చొక్కా పాడైంది. ఇంటికి రా, నాది ఇస్తాను. మీ అమ్మనూ తీసుకురా. మాట్లాడాలి."

మర్నాడు లారీ షెడ్డు ముందు వాలులోనే ఉంది.

"ఇప్పుడు ఎక్కడ ఆపినా లేస్తుందిగా. ఇక్కడెందుకు?" అన్నాడు మెకానిక్.

"అలవాటైంది."

"మానుకో."

"నువ్వు ఉతికిన చొక్కా మానుకో. నేనూ మానుకుంటాను."

అతను మానుకోలేదు. లారీ ఇప్పటికీ అక్కడే ఆగుతుంది.