మెట్ల కింద తుమ్ము

"ఇదేనా అలమర? ఇందులో పిచ్చుక కూడా పట్టదు!"

వడ్రంగి బాజీ ఖైరున్నీసాని కలిసిన మొదటి రోజే ఆమె చేత తిట్లు తిన్నాడు.

"సందు అంతే ఉందండీ. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు ఉలి పక్కన పెట్టి.

"పనొచ్చిన వడ్రంగిని అడిగితే చెప్తాడు."

అద్దంకికి కరెంటు స్తంభాలు వచ్చిన ఏడది. దూది ఏకి పరుపులు కుట్టే బుడాన్ గారి ఒక్కగానొక్క కూతురు ఖైరున్నీసా. ఇంట్లో ఖాళీ జాగా కనిపిస్తే ఆ పిల్లకి నిద్ర పట్టదు. గుమ్మం మీద చెక్క కొట్టించి పచ్చడి జాడీలు పెట్టింది. తలుపు వెనక మేకులు కొట్టి చేటలూ జల్లెడలూ తగిలించింది. మిగిలింది డాబా మెట్ల కింద సందు. డాబా మీద ఎండే మిరపకాయల తుక్కంతా అందులోకే ఊడ్చేవారు.

"అది దేనికీ పనికిరాదే" అనేవాడు బుడాన్ గారు. ఆమె వింటేగా! అరలకీ తలుపుకీ బాజీని పిలిపించింది.

తలుపు బిగించాడు గానీ అరలు మాత్రం తెమల్లేదు.

"ఎప్పటికవుతుంది?"

"మీరు పోట్లాడ్డం మానేస్తే రేపే."

ఆమె మానలేదు. అతనూ తొందరపడలేదు. ఆ పోట్లాటల్లోనే 'అండీ'లు పోయి 'నువ్వు'లు వచ్చాయి. ఒకరోజు మాత్రం ఆమె మొహంలో నవ్వు లేదు.

"సాయంత్రం పొదిలి నించి నాకు సంబంధం వాళ్ళొస్తున్నారు. నాన్న మాటిచ్చేస్తాడు. ఇవాళ నన్నిమ్మని అడుగుతావా, లేదా?"

"అడుగుతా."

"మరి కాళ్ళు వణుకుతున్నాయే?"

"చలి."

"ఎండాకాలంలోనా?"

అంతలో వీధి గుమ్మంలో "ఖైరూ!" అని కేక. బుడాన్ గారి గొంతంటే వీధి వీధంతా హడలు. అడుగుతానన్న వీరుడు కాస్తా మెట్ల కింద దూరి, తను పెట్టిన తలుపే మూసుకున్నాడు!

ఖైరున్నీసా ఆ తలుపుకి అడ్డంగా జరిగి నిలబడింది. తల్లేమో డాబా మీద మిరపకాయలు తిరగేస్తోంది. కుర్రాడు ఇంట్లో దాక్కున్నాడని తెలిస్తే ఇంకేముంది, పొదిలి పెళ్ళి ఇవాళే ఖాయం.

బుడాన్ గారు వసారాలో కూర్చుని దూది ఏకడం మొదలుపెట్టాడు. విల్లు తాడు మీద కొయ్య దెబ్బ పడ్డప్పుడల్లా ఇల్లు మోగుతోంది. టంగ్! టంగ్! లోపల బాజీకి మిరప ఘాటు ముక్కులోకెక్కింది. టంగ్ అన్నప్పుడల్లా ఒక దగ్గు దగ్గుతున్నాడు.

"ఆపకు నాన్నా! ఇంకాస్త ఏకు. దూది ఉండలుగా ఉంది."

"ఇవాళ నా పని మీద నీకింత ప్రేమేంటే?" అని ఆయన చెమట తుడుచుకోడానికి కొయ్య దించాడు.

ఇల్లంతా నిశ్శబ్దం. ఖైరున్నీసా కళ్ళు గట్టిగా మూసుకుంది. 'యా అల్లా, ఒక్క నిమిషం!'

"హాచ్!"

తుమ్మితే దేవుణ్ణి తలుచుకోవాలని బాజీకి వాళ్ళ నానమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. ఆ అలవాటు భయం కంటే ముందే నోట్లోంచి ఊడిపడింది.

"అల్‌హందులిల్లా!"

విన్నవాళ్ళు దీవించాలి. బుడాన్ గారు తల ఎత్తకుండానే, అలవాటుగా, "యర్హముకల్లా" అనేశాడు. అల్లా నిన్ను కరుణించు గాక అని. అప్పుడు తలెత్తాడు.

"ఎవర్రా అది?"

తలుపు లాగితే బాజీ బయటపడ్డాడు. ఒళ్ళంతా ఎర్రటి పొడి, కళ్ళలో ధారలు.

"నా ఇంట్లో దాక్కుంటావుట్రా!" కొయ్య పైకి లేచింది.

ఖైరున్నీసా అడ్డం పడింది. "నన్నిమ్మని అడగడానికే వచ్చాడు నాన్నా. నీ గొంతు విని భయపడ్డాడు. నాకు ఇతనే కావాలి. పొదిలి వాళ్ళొద్దు."

"వాడికి నోరు లేదా?"

బాజీ ఆమె వెనక నించి ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఉందండీ. ఇప్పటికీ భయంగానే ఉంది. అయినా అడుగుతున్నా. మీ అమ్మాయిని నాకివ్వండి. కొట్టినా సరే, వెళ్ళను... హాచ్! అల్‌హందులిల్లా!"

బుడాన్ గారి పెదాలు కదిలాయి. ఎత్తిన కొయ్య వంక చూసుకున్నాడు. మళ్ళీ ఆ పిల్లాడి ఏడుపు మొహం చూశాడు.

"యర్హముకల్లా" అన్నాడు నెమ్మదిగా. "నా నోటితోనే రెండుసార్లు దీవించాను. ఇప్పుడు ఏ చేత్తో కొట్టనురా నిన్ను?"

కొయ్య కిందికి దిగింది. పొదిలి వాళ్ళకి రావద్దని కబురు పంపడానికి ఆయన చెప్పులు వేసుకుంటుంటే ఖైరున్నీసా కళ్ళు తుడుచుకుంది.

"ఆ సందు దేనికీ పనికిరాదన్నావుగా నాన్నా!"

"అల్లుళ్ళని దాచుకోవచ్చని నాకేం తెలుసే!"